ఎక్స్‌పో అయిపోయాక ఊరికి మిగిలే పేరు

చికాగో అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది వివేకానందుడు. 1893 సెప్టెంబర్ 11, తలపాగా, చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ ఫోటో, వక్తృత్వ పోటీల కోసం బట్టీ పట్టిన ఆ మొదటి వాక్యం. అయితే ఆ సర్వమత మహాసభ ఎవరో మతపెద్దలు కూడబలుక్కుని విడిగా పెట్టుకున్నది కాదండి, ఆ ఏడాది ఆ ఊళ్ళో ఆరు నెలలు జరిగిన ప్రపంచ ప్రదర్శనకి అనుబంధంగా పెట్టిన బోలెడు సభల్లో అదీ ఒకటి. ఊరివాళ్ళేమో ప్రపంచానికి చూపిద్దామని సరస్సు ఒడ్డున ఏకంగా ఒక తెల్లటి నగరాన్నే కట్టారు, రాత్రిళ్ళు కరెంటు దీపాలతో వెలిగించారు, లోకంలో మొట్టమొదటి ఫెర్రిస్ వీల్ తిప్పారు. మనకి అవేవీ గుర్తులేవు, ఒక సన్యాసి మాట్లాడిన కొద్ది నిమిషాలే గుర్తు.

నాకు ఈ ఎక్స్‌పోల, అంటే ప్రపంచ ప్రదర్శనల పిచ్చి కొంచెం ఉంది. పాత ఫోటోలు, మ్యాపులు, ఈమధ్యవైతే యూట్యూబ్‌లో లోపలంతా నడుస్తూ తీసిన పొడుగాటి వీడియోలు, దొరికినవన్నీ చూస్తుంటా. చూసేకొద్దీ నాకు అనిపించేదేంటంటే, "ప్రపంచానికి మన నగరాన్ని చూపిద్దాం" అని మొదలుపెడతారు గానీ చూడ్డానికొచ్చేది ఎక్కువగా ఆ దేశపు జనమే, కాబట్టి ఆ నగరం గురించి ముందు అభిప్రాయం మారేది కూడా వాళ్ళకే. బయటివాళ్ళకి చివరికి ఏం గుర్తుండిపోతుందో ఏ కమిటీ చేతిలోనూ ఉండదు.

చికాగో సంగతే చూడండి. 1871లో ఊరు చాలాభాగం తగలబడిపోయింది. మళ్ళీ కట్టుకున్నారు, రైళ్ళు, కబేళాలు, ధాన్యం వ్యాపారంతో డబ్బు బాగానే వచ్చింది, కానీ న్యూయార్క్ వాళ్ళ దృష్టిలో అది మాంసం కంపు కొట్టే మోటు ఊరు. అందుకే ప్రదర్శన ఎవరికివ్వాలనే పోటీలో న్యూయార్క్ మీద గెలవడమే వాళ్ళకి పెద్ద విజయం. డేనియల్ బర్నమ్ అనే ఆర్కిటెక్ట్ పూనుకుని కట్టించిన ఆ వైట్ సిటీ భవనాలు చూస్తే పాలరాతి రాజభవనాల్లా ఉంటాయి, తీరాచూస్తే చాలావరకు ప్లాస్టర్‌లో జనపనార కలిపి పూసినవే, ఆరు నెలలు నిలబడితే చాలన్న లెక్క. ఈఫిల్ టవర్‌కి దీటుగా ఏదో ఒకటి కావాలని ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల చక్రం నిలబెట్టాడు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. అంటే నిండా ఎక్కిస్తే ఒకేసారి రెండువేల మందికి పైగా గాల్లో! ఆ రోజుల్లో ఎక్కినవాళ్ళ ధైర్యానికి దణ్ణం పెట్టాలి. మొత్తం 2 కోట్ల 70 లక్షల సందర్శనలంటారు, 1890 జనగణనలో అమెరికా జనాభానే సుమారు 6 కోట్ల 30 లక్షలు. వచ్చినవాళ్ళలో అత్యధికులు అమెరికన్లే అన్నది ఈ లెక్కలోనే తెలిసిపోతోంది.

ముగింపు మాత్రం ఘోరంగా అయింది. ప్రదర్శన ఇంకో రెండురోజుల్లో ముగుస్తుందనగా మేయర్ కార్టర్ హారిసన్‌ని ఇంట్లోనే కాల్చి చంపారు, దాంతో ముగింపు సంబరాలన్నీ రద్దు. మరుసటి ఏడాది రైల్వే సమ్మె గొడవల మధ్య మిగిలిన భవనాలు చాలావరకు కాలిపోయాయి. అయినా ఊరికి ఒక అలవాటు మిగిలింది, పెద్దగా ప్లాన్ వేసుకోవడం. అదే బర్నమ్ 1909లో నగరం మొత్తానికి ప్లాన్ గీశాడు, సరస్సు ఒడ్డంతా జనం కోసం ఉంచాలని అందులో గట్టిగా చెప్పాడు. ఇవాళ చికాగో ఫోటో ఏది తీసినా ఆ ఒడ్డు పడుతుంది. నన్నడిగితే అసలు లాభం అదే, ఆ ప్లాస్టర్ మేడలు పోతే పోయాయి.

ఇంకా వెనక్కి వెళ్తే లండన్, 1851. హైడ్ పార్క్‌లో గాజు, ఇనుముతో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్. మొదలవ్వకముందు ఎంత భయపడ్డారో చదివితే నవ్వొస్తుంది. దానికి మూడేళ్ళ ముందే 1848లో యూరప్ అంతా తిరుగుబాట్లు, అందుకని విదేశీయులు వచ్చి విప్లవం లేపుతారని కొందరు, కూలినాలి జనాన్ని రానిస్తే అల్లర్లు అవుతాయని కొందరు, పార్కులో చెట్లు కొట్టేస్తారని పార్లమెంటులో ఇంకో గొడవ. చివరికి పెద్ద పెద్ద చెట్లని కొట్టకుండా గాజుమేడ లోపలే ఉంచేసి పైకప్పుని అంత ఎత్తు లేపారు. తర్వాత టికెట్ ఒక్క షిల్లింగ్‌కి తగ్గించిన రోజుల్లో ఫ్యాక్టరీ కార్మికులు, పల్లెటూళ్ళ వాళ్ళు రైళ్ళెక్కి గుంపులుగా వచ్చారు. ఏ గొడవా జరగలేదు, బుద్ధిగా లైన్లో నిలబడి చూసుకుని వెళ్ళారు. అయిదున్నర నెలల్లో 60 లక్షల సందర్శనలు. పేదవాళ్ళు నగరం నడిబొడ్డుకి వస్తే కొంపలంటుకోవని అక్కడి పెద్దమనుషులకి మొదటిసారి తెలిసొచ్చింది, ఊరు గురించి ఊరివాళ్ళకే అభిప్రాయం మారడమంటే నా లెక్కలో ఇదే.

ఇంకో ముచ్చట, మన కోహినూర్‌ని అక్కడే జనానికి చూపించారు, బంగారు పూత పూసిన పంజరం లాంటి దాంట్లో పెట్టి. చూసినవాళ్ళు పెదవి విరిచారు. ఏంటిది, మెరవట్లేదు, గాజుముక్కలా ఉందని. దీపాలు పెట్టి చూశారు, లాభం లేకపోయింది, ఆ మాట పడలేక మరుసటి ఏడాది దాన్ని కొత్తగా చెక్కించారు, 186 క్యారెట్ల రాయి కాస్తా 105.6 అయిపోయింది. పరాయి సొమ్ముని గొప్పకి చూపించి, జనం బాలేదన్నారని దాన్నే కోసుకోవడం! సరే, అది వేరే కథ. అక్కడే జార్జ్ జెన్నింగ్స్ అనే ఆయన పెన్నీ తీసుకుని వాడుకోనిచ్చే ఫ్లష్ టాయిలెట్లు పెట్టాడు, 8 లక్షల మందికి పైగా డబ్బు కట్టి మరీ వాడారు. వజ్రం కంటే దీనికే మంచి రివ్యూలు వచ్చుంటాయి.

ఆ ప్రదర్శనకి ఖర్చులు పోను సుమారు 1,86,000 పౌండ్లు మిగిలింది. ఆ డబ్బుతో సౌత్ కెన్సింగ్టన్‌లో స్థలం కొన్నారు, ఇవాళ లండన్ వెళ్ళినవాళ్ళు తిరిగే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం అన్నీ ఆ చుట్టుపక్కలే. క్రిస్టల్ ప్యాలెస్‌నేమో ఊడదీసి ఊరి చివర సిడెన్‌హామ్‌లో మళ్ళీ బిగించారు, 1936లో అది కాలిపోయింది. మిగులు డబ్బు ఏం చేయాలో ముందే ఎవరో ఒకరు ఆలోచించారు చూడండి, ఆ ఒక్క పనే లేకపోతే ఈ ప్రదర్శన ఇప్పుడు పాఠ్యపుస్తకంలో ఒక పేరా అంతే.

అన్ని ఊళ్ళకీ ఇలా కలిసిరాలేదు. వియన్నా 1873 మే 1న మహా ఆర్భాటంగా మొదలుపెట్టింది, మే 9న స్టాక్ మార్కెట్ కుప్పకూలింది, ఆ వేసవిలోనే కలరా. 2 కోట్ల మంది వస్తారనుకుంటే 72 లక్షల చిల్లర వచ్చారు. కొన్నిసార్లు టైమే బాగోదు, ఎవర్నీ అనడానికి లేదు.

పారిస్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. 1889 కోసం కట్టిన టవర్‌కి 20 ఏళ్ళే పర్మిషన్, పని మొదలవగానే కథకుడు మొపాసా, సంగీతకారుడు గూనో, ఒపెరా భవనం కట్టిన గార్నియే లాంటివాళ్ళంతా సంతకాలు పెట్టి పారిస్ పరువు తీస్తోందని పత్రికలో లేఖ వేశారు, చివరికి వైర్‌లెస్‌కి పనికొస్తుందని దాన్ని ఉంచేశారు. నగరం పరువు తీస్తుందన్నదే నగరానికి గుర్తయి కూర్చుంది. అయితే ఆ ప్రదర్శనలోనే వలస దేశాల నుంచి మనుషుల్ని తెచ్చి, పల్లెల సెట్టింగులు వేసి, జంతువుల్ని చూపినట్టు చూపించారు. టవర్ బొమ్మతో కీచైన్లు కొనుక్కొస్తాం గానీ ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఒక్క పారిస్ అనే కాదు, ఆ కాలపు ప్రదర్శనల్లో చాలాచోట్ల ఇదే తంతు, 1904లో సెయింట్ లూయిస్‌లో ఫిలిప్పీన్స్ నుంచి వెయ్యి మందికి పైగా తీసుకొచ్చారు. గొప్పలు చెప్పుకోడానికి పెట్టిన కొట్లో ఇలాంటివి కూడా ఉన్నాయని మర్చిపోకూడదు.

ఇప్పుడు షాంఘై, 2010. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊరి ఇమేజ్ మార్చాలన్న పట్టుదల ఇంత బాహాటంగా ఇంకెక్కడా కనబడదు. 5.28 చదరపు కిలోమీటర్ల స్థలం, నది రెండువైపులా. దానికోసం 18,000 కుటుంబాల్ని ఖాళీ చేయించారు, వందకు పైగా ఏళ్ళున్న జియాంగ్నాన్ షిప్‌యార్డ్‌తో సహా ఫ్యాక్టరీల్ని తరలించారు. వచ్చినవాళ్ళు 7 కోట్ల 30 లక్షలు, అక్టోబర్ 16 ఒక్కరోజే 10 లక్షలు దాటారు. ప్రపంచ రికార్డు. అందులో విదేశీయులు మాత్రం చాలా కొద్ది శాతం! మిగతావాళ్ళంతా చైనా నలుమూలల నుంచి రైళ్ళలో, బస్సుల్లో వచ్చినవాళ్ళే. జీవితంలో పాస్‌పోర్ట్ తీసుకోని ముసలివాళ్ళు ఎక్స్‌పో పాస్‌పోర్ట్ అనే చిన్న పుస్తకం కొనుక్కుని, ఒక్కో దేశం పెవిలియన్ (ఆ దేశపు ప్రదర్శనశాల) ముందు ముద్ర వేయించుకోడానికి తోసుకున్నారు. సౌదీ పెవిలియన్ దగ్గరైతే ఒక్కోరోజు ఎనిమిది గంటల క్యూ. నాకు ఇది భలే నచ్చుతుంది, ప్రపంచం షాంఘైని చూడాలని పెట్టారు, షాంఘైలో చైనా వాళ్ళు ప్రపంచాన్ని చూసుకుని వెళ్ళారు.

ఇక పైజామాల గొడవ. షాంఘై పాత పేటల్లో జనం నైట్‌డ్రెస్‌లోనే వీధిలోకి వచ్చి కూరగాయలు కొనుక్కోవడం, పక్కింటివాళ్ళతో కబుర్లు చెప్పుకోవడం మామూలు. ఇరుకు ఇళ్ళు, సందే వరండా, అందుకని అదేం తప్పుగా తోచేది కాదు, పైగా ఒకప్పుడు మంచి పైజామా సెట్ ఉండటం దర్జా కూడా. ఎక్స్‌పో వస్తోందనగానే "పైజామాలతో బయటికి రావద్దు, ఎక్స్‌పోకి తగ్గ నాగరికులుగా ఉందాం" అని ప్రచారం మొదలెట్టారు, పేటల్లో వాలంటీర్లు తిరిగి నచ్చజెప్పారు. చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దడం వేరు, ఇంట్లోవాళ్ళనే సర్దేయడం వేరు కదా. కొంతమంది పెద్దవాళ్ళు మా సౌకర్యం మాది, ఎవరికేం నష్టమని ఎదురు వాదించారు, పేపర్లలో పెద్ద చర్చే నడిచింది. తమాషా ఏంటంటే, విదేశీ పత్రికలకి అంత పెద్ద ఎక్స్‌పోలో బాగా దొరికిన కథల్లో ఇదొకటి. ఆపుదామన్నదే ప్రపంచానికి చేరింది.

షాంఘైకి నిజంగా ఉపయోగపడింది మెట్రో. ఎక్స్‌పో గడువు పెట్టుకుని లైన్ల మీద లైన్లు వేసేశారు. ఎక్స్‌పో లేకపోతే వేసేవాళ్ళు కాదా అంటే వేసేవాళ్ళే, కానీ ఎప్పటికో! ఈ మహా ప్రదర్శనల అసలు మహిమ నాకు ఇందులోనే కనిపిస్తుంది. వాయిదా వెయ్యడానికి కుదరని తారీఖు ఒకటి ఎదురుగా ఉంటుంది, ఏ ఫైలూ ఆగడానికి వీల్లేదు. సెవిల్ కూడా అంతే. 1992 ఎక్స్‌పో మొదలైన ఆ రోజుల్లోనే మాడ్రిడ్ నుంచి సెవిల్‌కి హైస్పీడ్ రైలు వచ్చింది, 471 కిలోమీటర్లు మూడు గంటల లోపే. స్పెయిన్‌లో మొదటి హైస్పీడ్ లైన్ బార్సిలోనాకి కాకుండా సెవిల్‌కి ఎందుకెళ్ళిందయ్యా అంటే ఎక్స్‌పో అన్నారు, అప్పటి ప్రధాని ఫెలిపె గొంజాలెజ్‌ది ఆ ఊరే అన్న సంగతి కూడా జనం గుర్తుచేశారు.

పోర్చుగల్ రాజధాని లిస్బన్ అయితే నాకు వీటన్నిట్లోకీ ఇష్టమైన ఉదాహరణ. 1998లో సముద్రాలు థీమ్‌గా పెట్టారు, వాస్కో డ గామా మన కాలికట్ చేరి 500 ఏళ్ళయిన సందర్భం. ఊరికి తూర్పున నది ఒడ్డున పాత రిఫైనరీ, కబేళా, మిలిటరీ గోదాములు, చెత్తకుప్పలు ఉన్న చోటు తీసుకున్నారు. అక్కడికి కొత్త రైల్వే స్టేషన్, మెట్రో, అప్రోచ్ రోడ్లతో కలిపి 17 కిలోమీటర్ల బ్రిడ్జి. వచ్చింది సుమారు కోటి మందే, షాంఘై ముందు ఏపాటి? కానీ చాలా భవనాలు కట్టేటప్పుడే ఇవి తర్వాత దేనికి వాడాలి అని రాసుకున్నారు. ఒకటి ఇండోర్ స్టేడియం అయింది, కొన్ని హాళ్ళు ట్రేడ్ ఫెయిర్లకి వెళ్ళాయి, ఓషనేరియం ఇప్పటికీ పిల్లలతో కిటకిట. ప్రదర్శన స్థలం కాస్తా జనం కాపురాలుండే పేట అయిపోయింది. ఇళ్ళ రేట్లు పెరిగి పేదవాళ్ళకి అందలేదన్న విమర్శ ఉంది, అందులో న్యాయం ఉంది కూడా. అయినా పాడుబడ్డ పెవిలియన్ల కంటే నయమే.

పాడుబడటం అంటే జర్మనీలోని హానోవర్, 2000. ఆ ఊరు అప్పటికే ట్రేడ్ ఫెయిర్లకి ప్రపంచ ప్రసిద్ధి, 1947 నుంచీ హానోవర్ మెస్సే అనే పారిశ్రామిక ప్రదర్శన నడుస్తోంది, పారిశ్రామిక రంగంలో ఉన్నవాళ్ళని అడిగితే వేరే పరిచయం అక్కర్లేదు. అలాంటి ఊరు 4 కోట్ల మంది వస్తారని లెక్కేసుకుంటే 1 కోటి 80 లక్షల దగ్గర ఆగింది. మనిషి, ప్రకృతి, సాంకేతికత అని థీమ్. ఏం చూస్తామో దీంట్లో ఎవరికైనా అర్థమైందా? అమెరికా అసలు రానేలేదు. అంతస్తుల మీద అడవి పెంచిన నెదర్లాండ్స్ పెవిలియన్ అందర్నీ ఆకట్టుకుంది, తర్వాత అదే ఏళ్ళ తరబడి కిటికీలు పగిలి, గోడలమీద గీతలతో పడి ఉండేది. ఆ శిథిలం ఫోటోలే ఇప్పుడు నెట్‌లో ఎక్కువ దొరుకుతాయి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ నాక్స్‌విల్. అమెరికాలో టెనసీ రాష్ట్రంలో ఒక మోస్తరు ఊరు, 1982లో ఎక్స్‌పో పెడతామంటే వాల్ స్ట్రీట్ జర్నల్ ముందే వెటకారం చేసింది, ఈ మాసిపోయిన చిన్న ఊరికి ఎక్స్‌పో ఏంటని. పంతానికి పోయి పెట్టారు, ఒక బంగారు రంగు గోళాన్ని స్తంభం మీద నిలబెట్టారు, కోటి పది లక్షల సందర్శనలు లాగారు. మరుసటి ఏడాది మొదట్లోనే దాన్ని ముందుండి నడిపించిన బ్యాంకరు బ్యాంకు మునిగిపోయింది, ఆయన జైలుకెళ్ళాడు. అన్నీ అయ్యాక ఊరివాళ్ళు ఏం చేశారో తెలుసా, ఆ వెటకారం మాటనే ముద్దుపేరు చేసుకున్నారు. అవును మాది మాసిన ఊరే, అయితే ఏంటి అని షాపులకి, హాళ్ళకి అదే పేరు పెట్టుకున్నారు. లక్షలు పోసి బ్రాండింగ్ ఏజెన్సీని పెట్టుకున్నా ఇలాంటి పేరు రాదు.

ఈమధ్యది ఒసాకా 2025. ఒసాకాకి ఇది కొత్త కాదు, 1970లో అక్కడే 6 కోట్ల 40 లక్షల సందర్శనలతో ఎక్స్‌పో జరిగింది, టారో ఒకమోటో అనే కళాకారుడు చేసిన 70 మీటర్ల సూర్యుడి టవర్ ఇప్పటికీ పార్కులో చేతులు చాచి నిలబడి ఉంది. ఈసారి మాత్రం మొదలవ్వకముందే తిట్లు. కట్టడం ఖర్చు 125 బిలియన్ యెన్ల నుంచి 235 బిలియన్లకి పాకింది, స్థలమేమో చెత్తతో పూడ్చిన దీవి, 2024 మార్చిలో అక్కడ మీథేన్ గ్యాస్ పేలుడు కూడా జరిగింది, పెవిలియన్లు లేటు, ముందస్తు టికెట్లు అమ్ముడవట్లేదని రోజూ వార్తలు. ఎక్స్‌పో గుర్తుగా పెట్టుకున్న మాస్కాట్ బొమ్మ మ్యాకుమ్యాకు సంగతి సరేసరి, ఎర్రటి వలయం నిండా కళ్ళు, నీలం ఒళ్ళు, చూడగానే ఇదేం దయ్యం అన్నారు.

ఏప్రిల్‌లో తెరిచాక కథ మారింది. రెండు కిలోమీటర్ల చుట్టుకొలతతో ఆర్కిటెక్ట్ సోవు ఫుజిమోటో డిజైన్ చేసిన చెక్క వలయం మీద సాయంత్రాలు నడవడానికి జనం ఎగబడ్డారు, అదే మ్యాకుమ్యాకు బొమ్మల కోసం క్యూలు కట్టారు. ఆగస్టు 13 రాత్రి దీవికెళ్ళే ఏకైక మెట్రో లైన్లో కరెంటు పోయి సుమారు 30,000 మంది అక్కడే ఇరుక్కుపోయారు. ఎండాకాలం, కొందరికి ఒంట్లో బాగోక ఆస్పత్రికి కూడా తీసుకెళ్ళారు, నిర్వాహకుల్ని తిట్టాల్సిన విషయమే, తిట్టారు కూడా. కానీ ఆ రాత్రి కొన్ని పెవిలియన్ల వాళ్ళు తలుపులు తెరిచి జనాన్ని లోపలికి రమ్మన్నారు, కొన్నిచోట్ల పాటలు పెట్టుకుని డాన్సులు వేశారు, తెల్లారేసరికి సోషల్ మీడియాలో అది "రాత్రంతా ఎక్స్‌పో" అయిపోయింది. నేను ఆ వీడియోలు చూస్తూ కూర్చున్నా, ఫెయిల్యూర్ తాలూకు వీడియోల్లో జనం అంత సంతోషంగా ఉండటం నేనెక్కడా చూళ్ళేదు. మొత్తం మీద 2 కోట్ల 50 లక్షలు దాటారు. ఇక్కడా జపాన్ వాళ్ళే ఎక్కువ.

వచ్చే పెద్ద ఎక్స్‌పో సౌదీ రాజధాని రియాద్‌ది, 2030 అక్టోబర్ నుంచి ఆరు నెలలు. 2023 నవంబర్‌లో పారిస్‌లో ఓటింగ్ జరిగితే రియాద్‌కి 119, దక్షిణ కొరియాలోని బూసాన్‌కి 29, రోమ్‌కి 17. బూసాన్ కోసం కొరియా పాటల బృందం బీటీఎస్ వాళ్ళు కూడా ప్రచారం చేశారు, ఓడిపోయిన మర్నాడు ఆ దేశ అధ్యక్షుడే టీవీలో జనానికి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది, ఒక ఎక్స్‌పో కోసం! ఇక రియాద్‌ని అడిగితే మారుతున్న సౌదీని చూపిస్తామంటున్నారు. దుబాయ్ ఎక్స్‌పోకి ముందు 2021 సెప్టెంబర్‌లో యూరోపియన్ పార్లమెంట్ మానవ హక్కుల పేరు చెప్పి బహిష్కరించమని తీర్మానం చేసింది, అయినా దేశాలన్నీ వెళ్ళాయి, కార్మికుల గురించిన ప్రశ్నలు మాత్రం ఆరు నెలలూ పత్రికల్లో నడుస్తూనే ఉన్నాయి. రియాద్‌కీ అది తప్పదు, ఎడారిలో అంత పని చేసే చేతులు ఎక్కడినుంచి వస్తాయో అందరికీ తెలుసు, వాళ్ళ ఇళ్ళల్లో ఆ ఊరి పేరు ఎలా వినబడుతుందో బ్రోచర్‌లో రాయరు. వాళ్ళ అంచనా 4 కోట్ల సందర్శనలు. హానోవర్ వేసుకున్న అంచనా కూడా సరిగ్గా ఇంతే. కాకపోతే రియాద్ దగ్గర డబ్బుంది, టైముంది, అడిగేవాడు లేడు, కాబట్టి సంఖ్య వచ్చేస్తుందేమో. నేనైతే టికెట్ల లెక్క కంటే, సౌదీ ఆడపిల్లలు అక్కడ ఏ దేశం పెవిలియన్ ముందు ఎక్కువసేపు నిలబడతారో చూద్దామనుకుంటున్నా.